పచ్చ లైటును కిందికి దించారు

అన్నా,

నీవు చదవవని తెలిసే రాస్తున్నాను. చెరకు లారీ నడిపినంత కాలం ఎదురుగా బండి కనబడగానే నీవు హెడ్‌లైటు తగ్గించేవాడివి. ఆనాడు బోధన్ రోడ్డు మీద ఎదుటివాడు తగ్గించలేదు. నీవు ఇంటికి రాలేదు.

నిన్న సాయంత్రం, ఆ రోడ్డు పక్కనే ఉన్న మన గణపతి మండపం మీదుగా ఒక హెలికాప్టర్ తక్కువ ఎత్తులో గోదావరి ఒడ్డున ఉన్న కందకుర్తి వైపు వెళుతోంది. వరదలో చిక్కుకున్నవారి కోసమట. మండపం పెద్ద సాయిలు డీజే పచ్చ లేజరును దాని ముఖం మీదికి తిప్పించాడు. హెలికాప్టర్ ఒక్కసారిగా ఒరిగి, వెనక్కి మళ్ళింది.

"గిదేం పని సాయిలూ? పైలటుకు కండ్లు కనబడకుంటే?" అన్నాను.

"మబ్బయితుంది గదనే, తొవ్వ సూపెట్టినం! గణపతి ఎలుగు, మంచే జరుగుతది." అందరూ నవ్వారు.

నీవు పట్టుబట్టి రాత్రి బడిలో చదివించిన తమ్ముణ్ణి నేను. ఊరుకోలేక ఠాణాకు వెళ్ళి ఫిర్యాదు చేశాను.

"హెలికాప్టర్ నంబరు సూసినవా సార్? నంబరు లేకుంటే కేసెట్ల రాసుకోవాలె?" అన్నాడు కానిస్టేబుల్.

లేజరు ఎవరిదో చెబుతుంటే నంబరెందుకని వాదించాను. చివరికి సాయిలును ఫోనులో మందలించి, నన్ను పంపించివేశాడు.

ఈ సాయంత్రం సాయిలే నన్ను పిలిచాడు. "సూడన్నా, నీ మాట ఇన్న. పైకి కొడ్తలేం."

నిజమే, కిందికి దించారు. ఆ పచ్చ వెలుగు ఇప్పుడు బోధన్ రోడ్డు మీద వచ్చే డ్రైవర్ల కళ్ళల్లో పడుతోంది.

మళ్ళీ ఠాణాకే బయలుదేరుతున్నాను. ఈసారి నంబరు అడిగితే నీ లారీ నంబరు చెబుతాను.

నీ తమ్ముడు