గోల్ఫ్ పందెంలో నినియన్‌కి పడాల్సిన బెల్టు

ఆర్డ్‌కెర్రీ,
సోమవారం, సెప్టెంబరు 1862

ప్రియమైన యూఫీ అక్కకి,

క్షేమంగా చేరాను. పీపాల బేరానికి వచ్చినవాణ్ణి కనక ఆ పనిలోనే ఉన్నాను. నీకు మాట ఇచ్చాను కదా, గోల్ఫ్ కర్ర వంక కన్నెత్తయినా చూడటంలేదు.

నాతోపాటు ఇంకా ఏడుగురు వచ్చారు. మా బట్టల అవతారం చూసి ఇక్కడి దొరగారు, గొప్పింటి ఆడవాళ్ల ముందు ఇలా తిరగడానికి వీల్లేదని, తన అడవి కూలీల గళ్ల కోట్లు అందరికీ తొడిగించారు. వెనకనుంచి చూస్తే ఎవడెవడో పోల్చుకోలేం. పైగా ఎవడూ దొంగలెక్క చెప్పకుండా మా వెనకే కాపలాగా పెద్దమనుషుల్ని నడిపిస్తారట. తిండి బాగానే పెడుతున్నారు.

నీ తమ్ముడు,
నినియన్ టలోక్

తా.క. నా మంచం కింద కర్రలు కనపడకపోతే కంగారుపడకు. ఎవరికో దానం చేసేశాను.

*

పిటెన్‌వీమ్,
బుధవారం

నినియన్‌కి,

పీపాలు అమ్మడానికి వెళ్లినవాడికి కోటు తొడగడమేమిటిరా? వెనక కాపలా ఏమిటి?

నీ ఉత్తరం పక్కింటి బెథియాకి చదివి వినిపించాను. హెర్రింగు చేపలు కోస్తూ వింటోంది. కోట్ల సంగతి రాగానే కత్తి కిందపెట్టేసి, "యూఫీ, మీవాడు ఎక్కడున్నాడో నాకర్థమైంది," అంది. నాకూ అర్థమైంది. ఇక దాచకు. ఎప్పటినుంచి చేస్తున్నావు ఈ పని? అమ్మ పోతూ పోతూ నిన్ను నా చేతుల్లో పెట్టింది. నిజం చెప్పు.

నీ అక్క,
యూఫీ

తా.క. చలిగా ఉంటుంది. ఆ కోటు విప్పకు.

*

ఆర్డ్‌కెర్రీ,
గురువారం

అక్కా,

తెలిసిపోయాక దాచి లాభమేముంది? నిజమే, చేస్తున్నాను. పదేళ్లప్పుడు చర్చి వెనక మొదలుపెట్టాను. పాస్టరుగారి కిటికీ అద్దం పగిలింది నావల్లే. మానేద్దామని ఎన్నోసార్లు అనుకున్నాను. తెల్లారేసరికి చేతులు దురదపెడతాయి. నీకు పీపాల పనని చెప్పి దొరలకి నేర్పిస్తున్నాను, కూలి కూడా తీసుకున్నాను. ఎంత నేర్పినా వాళ్లకి నా చేతివాటం రాదు.

నన్ను తిట్టు, కానీ ఈ ఒక్కసారికి అడ్డుపడకు.

నీ అపరాధి,
నినియన్

తా.క. అసలు సంగతి రేపే. ఎనిమిదిమందిలో ఒక్కడికే బెల్టు. ఊరందరి ముందూ దొరగారే స్వయంగా వేస్తారు. అది నాకే పడాలని ప్రార్థించు.

*

పిటెన్‌వీమ్,
శుక్రవారం

ఒరే దౌర్భాగ్యుడా,

జైల్లో కూర్చుని చేతివాటం గురించి గొప్పలు కూడానా? నువ్వు దొంగతనం చేసింది చాలక దొరలకి నేర్పుతావా? వాళ్లకి నేర్పాలిట్రా ఆ విద్య!

ఇంకో ఏడుగురుండగా బెల్టు దెబ్బలు నీకే పడాలని నేను ప్రార్థించాలా? ప్రార్థించాను, ఇంకెవడికైనా పడాలని. మధ్యాహ్నం బండికి బయల్దేరుతున్నాను. ఆ దొర కాళ్లు పట్టుకోవాలో గొంతు పట్టుకోవాలో మొహం చూశాక తేల్చుకుంటాను.

యూఫీ

తా.క. కిటికీ అద్దం సంగతి పాస్టరుగారికి చెప్పాను. ఆయన నీకోసం ప్రార్థించడం ఆపేశారు.

*

పిటెన్‌వీమ్,
శనివారం రాత్రి
(ఆర్డ్‌కెర్రీ స్టేషన్ మాస్టరుగారి ద్వారా)

అక్కా, ఎక్కడున్నావు?

నేనిక్కడ ఇంట్లో ఉన్నాను. తలుపుకి తాళం. "జైలునుంచి పారిపోయి వచ్చావా నాయనా?" అని బెథియా నన్ను తన పీపాలో దాచబోయింది. ఆవిడ చెబితేగానీ తెలియలేదు, నా రాతలు ఎంత పని చేశాయో.

జైలు కాదక్కా, గోల్ఫ్! ఆటే బతుకైన ఎనిమిదిమందికి దొరగారు పెట్టిన పందెం. బెల్టంటే దెబ్బలు కాదు, ఎర్రతోలు మీద వెండి బిళ్లలు పొదిగిన బహుమానం. మసెల్‌బరోలో గోల్ఫ్ మైదానం పచ్చిక చూసుకునే గావిన్ రట్రే గెలుచుకున్నాడు. నేను ఏడోవాణ్ణి. ఆరో గుంట దగ్గర బంతికోసం ఇసుకలో దిగినవాణ్ణి బయటికొచ్చేసరికి, "గడ్డం పెరిగిందే!" అన్నారు జనం. అయినా అంత హాయి నా జన్మలో ఎరగను. నువ్వు మానమంటే మానేస్తాను. చెప్పేముందు ఒక్కసారి ఆలోచించు.

నీ తమ్ముడు

తా.క. కోటు నాకే ఇచ్చేశారు. అందరికీ ఇచ్చేశారు.

*

ఆర్డ్‌కెర్రీ,
సోమవారం

ప్రియమైన నినియన్‌కి,

అందరికీ ఇచ్చారని ముందే చెప్పి ఏడవొచ్చు కదా!

శనివారం నేను బండి దిగేసరికి ఎదుటి బండి ఎక్కుతూ గళ్ల కోటు కనపడింది. నడుముకి ఇనప పట్టా ఏదో మెరుస్తోంది. సంకెళ్లేసి ఇంకో జైలుకి తరలిస్తున్నారనుకున్నాను. కాలరు పట్టుకుని కిందికి లాగాను. గార్డు అడ్డొస్తే గొడుగుతో ఒకటిచ్చాను. బండి వెళ్లిపోయింది. స్టేషను బయటిదాకా ఈడ్చుకెళ్లాక ఆ మనిషి నెమ్మదిగా, "అమ్మా, నన్ను దేన్నుంచి కాపాడుతున్నారో చెబితే నేనూ సాయంపడతాను," అన్నాడు. తిరిగి చూస్తే నువ్వు కాదు. గావిన్ రట్రే.

ఆదివారం బళ్లు లేవు కదా. స్టేషన్ మాస్టరు భార్య మాకు చోటిచ్చింది. చర్చిలో ఆ రట్రే నా పక్కనే కూర్చున్నాడు. శ్రుతి తప్పకుండా పాడాడు. నీకోసం తెచ్చిన ఓట్స్ రొట్టెలన్నీ తినేశాడు. అప్పుడన్నాడు: "నలభయ్యేళ్లొచ్చాయి. పొరపాటునైనా సరే, నన్ను రక్షించడానికి ఎవరూ ఇంతదూరం రాలేదు."

ఆ వెంటనే నన్ను పెళ్లాడతానన్నాడురా. సరేనన్నాను. వచ్చే నెల పెళ్లి. బట్టలు సర్దుకో. మసెల్‌బరో పచ్చికకి ఇంకో మనిషి కావాలట, ఆ పని నీకే. గోల్ఫ్ గురించి నా అభిప్రాయం మారలేదు. అభిప్రాయం వేరు, మొగుడు వేరు.

ఇట్లు,
కాబోయే మిసెస్ రట్రే

తా.క. ఈ ఉదయం ఆయన పెట్టె సర్దుకుంటుంటే, ఈ ఆటలో ఏముందో చూద్దామని ఆయన కర్రతో బంతినొకటి కొట్టాను. అవతలి దిబ్బ దాటి సూటిగా గుంటలో పడింది. ఆయన తెరిచిన నోరు ఇంకా మూయలేదు. బెథియాతో అన్నావంటే చంపేస్తాను.