మంచుకొండ కింద వేడినీళ్లు

నువ్వు పోయి నేటికి ఏడాది. జపాన్‌లో ఉన్న మన మనవరాలు ఎండాకాలం ఎక్కిన కొండనే మళ్లీ మంచులో ఎక్కింది. దిగానని ఫోన్ చేసేదాకా నాకు ముద్ద మింగుడుపడలేదు. కొండ కింద వేడినీళ్ల బుగ్గలో స్నానం కూడా చేసిందట.

“పార తీస్కపోయినవా? గుంత ఎవరు తవ్విన్రు?” అని అడిగాను.

“ఇదేమన్న గోదారి ఇసుకనా అమ్మమ్మా? ఈడ తొట్లు కట్టి ఉంటయి,” అని నవ్వింది.

“మరి ఒళ్లు కాలలేదా?”

“ముందుగాల చెయ్యి పెట్టి చూసిన, తాత లెక్క.”

గోదారి ఒడ్డున గుండాల ఇసుకలో గుంత తవ్వి, ఊరిన వేడినీళ్లలో నీ చెయ్యి పెట్టి చూశాకే మమ్మల్ని దిగనిచ్చేవాడివి. దానికి గుర్తుంది.

వచ్చినప్పుడు గుండాల పోదామంది. నీ పార కడిగి పెట్టాను. తవ్వేది తనేనట. నీళ్లు మాత్రం ముందు నేనే చూస్తాను.