నలభై ఒకటో చోటు

మంగళవారం, సాయంత్రం ఐదు గంటలు

గౌరవనీయులైన బావగారికి నమస్కారాలతో,

మీరూ అక్కా కులాసాగా ఉన్నారని తలుస్తాను. ఎనిమిది నెలలుగా మీకు ఒక్క ముక్క రాయలేదు. ఇప్పుడు రాస్తున్నదీ అవసరం పడే. దాచడమెందుకు?

మీరు నాలుగేళ్ళు పనిచేసిన ఈ డయాలసిస్ కేంద్రంలో నిన్న పొద్దున ఎనిమిది మెషిన్లలో రెండు ఆగిపోయాయి. బాగవడానికి పది రోజులు పడుతుందట. మిగిలిన ఆరింటితో రోజూ ఇరవై నలుగురికీ జరగాలంటే నాలుగో షిఫ్టు పెట్టాలన్నారు డాక్టరుగారు. రోజువారీ లిస్టు వేసే నా కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు తెలిసినవి మూడు షిఫ్టులే. ఏ మనిషికి ఏ షిఫ్టు, ఏ మెషిన్ అన్నది ముడి మీద ముడి వేసి కట్టాను, గొప్పగా ఉంటుందని. నిన్నంతా కూర్చుని నలభై చోట్ల మార్చాను. లెక్కలు రాసే చెయ్యి కదా, ప్రతి మార్పూ నా రోజువారీ పుస్తకంలో ఎక్కించి టిక్కు పెట్టాను. నలభై ఒకటో చోటు పుస్తకంలోకే ఎక్కలేదు. అది లిస్టు ప్రింటు తీసే చోటు. నాలుగో షిఫ్టులో పడ్డ ఆరుగురి పేర్లు కాగితం మీదికి రాలేదు.

అందులో మన టైలర్ పెద్దాయన ఒకరు. ఫోన్లు చేసేది ఆ లిస్టు చూసే కాబట్టి, వేళ మారిందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఎప్పటిలాగే ఈ ఉదయం ఆరింటికి వచ్చేశారు. లిస్టులో మీరు లేరని కౌంటర్‌లో చెబితే, అయితే నా జబ్బు నయమైపోయినట్టేనా అని నవ్వారట. అక్కడే కూర్చుండిపోయారు. పదకొండింటికి ఆ నవ్వు లేదు, ఆయాసం. పెద్ద నర్సమ్మ వచ్చి, నీ కంప్యూటర్‌కి నాలుగు దాకా లెక్కపెట్టడం రాదా నాయనా అని అందరి ముందూ అడిగింది. తర్వాతి షిఫ్టులో ఎవరినో ఆగమని బతిమాలి, వాళ్ళ మెషిన్ ఆయనకు పెట్టారు. మిగతా ఐదుగురికీ ఫోన్లు చేసి సర్దారు. పెద్దాయన కుదుటపడ్డారు.

ఎనిమిది నెలల కిందట మీరు రాసిన ప్రోగ్రామ్ చూపించి, మనుషులు ఒక పట్టిక, వేళలు ఒక పట్టిక, మెషిన్లు ఒక పట్టిక, అంతకు మించి వద్దోయ్, రేపు ఏది మారుతుందో మనకేం తెలుసు అన్నారు మీరు. ఇది చిన్నపిల్లల పలకలా ఉందని నలుగురిలో ఎగతాళి చేశాను. మీరు కుర్చీ వెనక్కి జరిపి వెళ్ళిపోయారు, మళ్ళీ ఈ కేంద్రానికి రాలేదు.

రేపటి లిస్టు ఈ మెయిల్‌కి జత చేశాను. ఇరవై నాలుగు పేర్లూ ఆరుసార్లు లెక్కపెట్టాను. నా లెక్క మీద నాకే నమ్మకం పోయింది. వాళ్ళందరూ మీకు ముఖాలతో సహా తెలుసు. ఈ సాయంత్రం ఏడింటికి పెద్ద నర్సమ్మ ఈ లిస్టు చూసి ఫోన్లు మొదలుపెడుతుంది. ఆలోపు చూసి, ఎవరైనా తప్పిపోయారేమో ఒక్క మాట చెప్పండి.

మీ బావమరిది

తా.క. ఈ లిస్టు తీసింది నా ప్రోగ్రామ్ కాదు, మీది. అది చెరిగిపోయిందని ఆనాడు అక్కతో చెప్పింది అబద్ధం. ఉంటే అందరూ దాన్నే అడుగుతారని దాచేశాను. ఈ మధ్యాహ్నం బయటికి తీశాను. వేళల పట్టికలో ఒక వరుస చేర్చాను, మెషిన్ల పట్టికలో రెండు వరుసలు తీసేశాను. ఇంకెక్కడ మార్చాలో అని భయపడుతూ గంటసేపు వెతికాను. ఇంకెక్కడా లేదు. నా పుస్తకంలో ఈ రోజు పేజీ మీద రెండే టిక్కులున్నాయి.