ఆరుగురికీ ఒకే గాగుల్స్

శుక్రవారం రాత్రి, ముఐథర్ క్యాంప్, ఖతార్

మా రూమ్ వాళ్లం ఆరుగురం ఈ రోజు ఒక దీవిని జయించాం. అల్ ఖోర్ దగ్గర, మడచెట్ల మధ్య సముద్రం పక్కన నడిచే దారి. ఎక్కేది లేదు, దిగేది లేదు; చెక్కల వంతెన దాటడమే మహాసాహసం. యాత్రా ప్రయోజనం ఫొటో. ఆరుగురికీ కలిపి ఉన్నవి యాదగిరన్న గాగుల్స్ మాత్రమే కాబట్టి క్రమశిక్షణతో వరసలో నిలబడ్డాం.

"యల్లా, జల్ది దిగురా! నీ పెండ్లి ఫొటోనా అది?" అని అరిచాడు అన్న.

నడుం మీద చెయ్యి పెట్టి దిగాను. 'దీవికి రాజు' అని రాసి ఇంటికి పంపాను. అక్కడే చెడింది.

బీటెక్ చదివి స్టోర్‌లో హెల్మెట్లు పంచే ఈ కొలువు ఇక చాలు. కాంట్రాక్టు పొడిగించే ఫారం రేపు ఇవ్వాలి. సంతకం పెట్టను, వచ్చేస్తాను అని చెప్పడానికే సాయంత్రం అమ్మకు ఫోన్ చేశాను. నాలుగు రోజులు బాత్రూమ్ అద్దం ముందు సాధన చేసిన మాట. నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది.

"ఫొటో వాడకట్టుకంతా చూపెట్టిన బిడ్డా! మొన్న నువ్వు దిగులుగ మాట్లాడితే నాకు నిద్ర పట్టలే. ఇయ్యాల నిమ్మలమైంది. దుబాయ్ నీకు పడ్డది. ఇంకో రెండేండ్లు ఉండరాదు?" అమ్మకు గల్ఫ్ అంతా దుబాయే.

"ఉంటనే అమ్మా," అన్నాను. అన్నది నా నోరే.

ఫారం దిండు కింద ఉంది. యాదగిరన్న తన మంచం మీద తన ఫొటో చూసుకుంటున్నాడు. నేనూ నాది మళ్లీ చూశాను. నవ్వు నిజంగానే బాగుంది. కళ్లుండాల్సిన చోట గాగుల్స్ ఉన్నాయి...