ఫ్లైఓవర్ మీద పెట్టిన స్టాపు

శనివారం, ఘాజియాబాద్

ఆసుపత్రి వ్యాను ఇవాళ మా తల మీదుగా వెళ్లిపోయింది. మా ఆయనకి డయాలసిస్ తప్పింది. వ్యాను దారిని గీతగా గీసి, దాని మీద ఏ ఇంటికి ఏ చోటు దగ్గరో కంప్యూటర్‌ని అడిగి స్టాపులు పెట్టింది మా అబ్బాయే. ఫోన్‌లో మా స్టాపు చుక్క ఉన్న చోటే ఆయన్ని పట్టుకుని నిలబడ్డాను. ఆ చుక్క కింద రోడ్డుది కాదట, పైన ఫ్లైఓవర్ మీదిదట.

"క్వెరీ సహీ హై మమ్మీ, కంప్యూటర్‌ని నేను అడిగింది కరెక్టే. గీత మీద మనకి అదే దగ్గర."

"పైకి మెట్లు లేవు కదరా నాన్నా."

"మెట్లు డేటాలో లేవు."

ఆయన పాదాలు అప్పుడే వాచాయి. మళ్లీ వ్యాను వచ్చే సోమవారం దాకా స్వామే కాపాడాలి. దీపం పెడుతున్నా మనసంతా కోపమే.

మా బాల్కనీలోంచి ఆ ఫ్లైఓవర్ కనిపిస్తుంది. వాడు రోజూ ఆ బాల్కనీలోనే నిలబడి, దాన్ని చూస్తూ టీ తాగుతాడు.