నాలుగు ఏర్లు, ఒక చేపల బండి

నవంబర్ 3, సోమవారం

మాట ఇచ్చేశాను! ఈ నెల 23న గోపాలప్ప గారితో పడమటి కనుమల దగ్గరి కుమటాకి ప్రయాణం. అక్కడి నుంచి సైకిళ్ల మీద, అడవుల్లోంచి, సముద్రం దాకా. ఒక్క రోజు. నలభై రెండు కిలోమీటర్లు.

గోపాలప్ప గారంటే బెంగళూరులో మా కాడుగోడి సంతవీధిలో చీరల కొట్టాయన. ఆనేకల్ నేతపని వాళ్ల కుటుంబం. వయసు యాభై ఎనిమిది. సైకిలుకీ దాదాపు అంతే ఉంటుంది. గేర్లు లేవు, వెనక చీరల మూట కట్టే క్యారియర్ ఉంది. దాంతో అడవి దాటతాడట! నవ్వాపుకున్నాను.

ఆ దారిని వయసులో ఉండగా బస్సు కిటికీలోంచి చూశాడట. సైకిలు మీద పోవాలని అప్పట్నుంచి కోరిక. రెండేళ్ల కిందట కొట్లో కళ్లు తిరిగి పడిపోయాక, వాళ్లావిడ సుశీలమ్మ గారు ఒంటరిగా సైకిలెక్కనివ్వడం లేదు. పక్కన మనిషి ఉంటేనే పొమ్మంది. ఆ మనిషిని నేను.

తీర్మానాలు:
1. రోజంతా ఆయన పక్కనే. ఒక్క నిమిషం వదలను. (సుశీలమ్మ గారి ఎదుట చెప్పాను.)
2. ఆ రోజు సైకిలు తప్ప ఇంకో బండి ఎక్కను.
3. రేపట్నుంచి రోజూ పొద్దున పది కిలోమీటర్లు.

స్టాఫ్‌రూమ్‌లో లెక్కల మాస్టారు హేమంత్‌కుమార్ "నువ్వా?" అన్నాడు. కుర్చీలోంచి లేచి ఫ్యాను వెయ్యడానికే ఆలోచించే మనిషి. జాలేసింది.

నవంబర్ 5, బుధవారం

ఉ. 5:30. బయల్దేరాను! కొత్త సైకిలు, ఇరవయ్యొక్క గేర్లు. హెల్మెట్, చేతి తొడుగులు, అడుగున మెత్త కుట్టిన నిక్కరు. మా ఆవిడ గ్రేస్ నైట్ డ్యూటీ దిగి అప్పుడే వచ్చింది. నన్ను పైనుంచి కిందికి చూసి, "ఇది వేసుకుని మన వీధిలోంచే వెళ్తావా?" అంది. నర్సు కదా, దయగానే అడిగింది.

వైట్‌ఫీల్డ్ సాఫ్ట్‌వేర్ గుంపు ఒకటి దాటిపోయింది. పది మంది, పది రంగుల బిగుతు బట్టలు. ఒక్కడి మొహానా నవ్వు లేదు. సైకిలు తొక్కుతున్నారా, పరీక్ష రాస్తున్నారా?

ఆరు కిలోమీటర్లు. మొదటి రోజు కాబట్టి పదికింద లెక్క.

నవంబర్ 10, సోమవారం

వాన. తొక్కలేదు. నిన్న ఆదివారం, చర్చి. మొన్న టైరులో గాలి తక్కువ. అటు మొన్న నాలో.

నవంబర్ 14, శుక్రవారం

గోపాలప్ప గారు ఇంటికొచ్చి దారి వివరాలు చెప్పారు. కుమటా మనిషినొకర్ని ఫోన్లో అడిగి, చీరల డబ్బా అట్ట మీద అంతా గీసుకొచ్చారు.

"దారిలో నాలుగు ఏర్లు ఉండాయప్పా. మొదటి రెండూ ఊరికే. మూడోది శానా పెద్దది. దాంట్లో మంచి మంచోళ్లే సైకిలు దిగేస్తారంట."

"దిగితే ఏమైందన్నా? నాకు ఈతొచ్చు!" అన్నాను.

ఆయన పడీపడీ నవ్వారు. ఎందుకో అర్థం కాలేదు. "నీది తమాషా అప్పా. ఏరు వస్తానే గేరు తగ్గించు, గుర్తు పెట్టుకో" అన్నారు.

పాపం, ముసలాయనకి నీళ్లంటే భయం. బాపట్లలో పుట్టినవాణ్ణి, నాకా ఏరు సంగతి చెప్పడం!

నవంబర్ 19, బుధవారం

ఆలోచిస్తే, నాలుగు చోట్ల ఏట్లో మునిగి సేదతీరుతూ పోయే దారి అది. దానికి రోజూ పొద్దున్నే చమటోడ్చడం దేనికి? సాధన ఆపాను. తెలివైనవాడు ఒంట్లో బలం దాచుకుంటాడు.

సంచీలో: తువ్వాళ్లు రెండు, ఈత నిక్కరు, సబ్బు, ఫోను తడవకుండా ప్లాస్టిక్ కవరు. గోపాలప్ప గారికి కూడా ఒక కవరు తీసుకున్నాను. ఆయనకి ఇవన్నీ ఎక్కడ తడతాయి!

నవంబర్ 23, ఆదివారం. కుమటా

ఉ. 6:10. నిన్న రైలు దిగి బస చేసిన లాడ్జి నుంచి బయల్దేరాం. చర్చి మానేసి వచ్చినందుకు గ్రేస్ ఫోన్లోనే ప్రార్థన చేసింది. చల్లగా ఉంది. రెండు పక్కలా అడవి. ఎంత హాయి! గోపాలప్ప గారు పంచె ఎగ్గట్టి, కిర్రు కిర్రుమంటూ ముందు. ఆ చప్పుడుకి పక్షులే పారిపోతున్నాయి.

7:25. "ఏరు వచ్చెనప్పా!" అని కేకేశారు. ఆగి తువ్వాలు తీశాను. నీళ్లు కనపడలేదు. ఎదురుగా రోడ్డు నిటారుగా ఆకాశంలోకి పోతోంది.

"ఏదన్నా ఏరు?"

"కండ్ల ముందరే ఉండాది కదప్పా!"

కన్నడంలో ఏరు అంటే ఎక్కుడు దారట. వాళ్ల బెంగళూరు తెలుగులో కూడా అదేనట. మరి నీళ్లు పారేదాన్ని ఏమంటారని అడిగాను. "దాన్ని వంక అంటాం" అన్నారు. నా చేతిలో తువ్వాలు చూశారు. విషయం అర్థమై, సైకిలు చెట్టుకి ఆనించి, కడుపు పట్టుకుని కూర్చున్నారు.

నేను నవ్వలేదు. పదమూడేళ్లుగా ఈ రాష్ట్రంలో ఉంటూ, పిల్లలకి పాఠాలు చెబుతూ, నేను నేర్చుకున్నది ఇదీ.

8:50. రెండోది. నడిపించాను. ఇరవయ్యొక్క గేర్లూ వాడి చూశాను. ఇరవై రెండోది ఉండాల్సింది.

10:50. మూడోది. తల ఎత్తి చూస్తే మెడ నొప్పి పుట్టింది. కాళ్లు లాగేస్తున్నాయి. "మీరు ముందు పోండన్నా, వెనకే వస్తాను" అన్నాను. ఆయన సందేహించారు. మళ్లీ చెప్పాను. పెడళ్ల మీద నిలబడి, ఊగుతూ ఎక్కారు. మలుపు తిరిగారు. ఒకటో తీర్మానం అక్కడే అయిపోయింది.

11:15. చేపల బండి వచ్చింది. ఖాళీ ట్రేలు. చెయ్యెత్తాను. రెండోదీ అయిపోయింది.

సైకిలుతో పాటు వెనక ఎక్కాను. కొండ పైన గోపాలప్ప గారు చెట్టు కింద నిలబడి ఉన్నారు. నా కోసం కింది దారి వైపే చూస్తున్నారు. బండి టాపు మీద ఒక్క దెబ్బ కొడితే ఆగేది. కొట్టలేదు. ట్రేల మధ్య పడుకున్నాను, కనపడకుండా. సిగ్గేసింది. సిగ్గు కంటే కాళ్ల నొప్పే ఎక్కువ అనిపించింది అప్పుడు.

మ. 12:05. సముద్రం! అన్నం, చేపల పులుసు. గోపాలప్ప గారు గంటలో వచ్చేస్తారు. ముందొచ్చి చోటు చూసి పెట్టానని చెప్పొచ్చు.

12:40. సుశీలమ్మ గారి ఫోను. "ఆయన ఫోను కలవలే మేష్ట్రే. మీ పక్కనే ఉండాడా?"

"ఉన్నారమ్మా. కొబ్బరినీళ్లు తాగుతున్నారు."

2:00. రాలేదు. ఫోను కలవడం లేదు.

3:30. రాలేదు. రెండేళ్ల కిందట కొట్లో పడిపోయినప్పుడు చుట్టూ జనం ఉన్నారు. అడవిలో ఎవరుంటారు? దారిన వచ్చిన ఇద్దర్ని అడిగాను. చూడలేదన్నారు. సైకిలెక్కి ఎదురు పోయాను. నాలుగో ఏరు దగ్గర కాళ్లు పట్టేశాయి. రోడ్డు పక్కన కూలబడి ఏడ్చాను. రాయడానికి సిగ్గుగా ఉంది, ఏడ్చాను.

4:50. కిర్రు కిర్రుమని చప్పుడు. వచ్చారు! చొక్కా పిండితే నీళ్లు కారేట్టుంది. నన్ను చూడగానే సైకిలు వదిలేసి భుజాలు పట్టుకున్నారు.

"యాడ పడిపోయినావోనని మళ్లా కిందకి దిగినానప్పా! రెండో ఏరు దాకా పోయినా. కనపడినోళ్లనంతా అడిగినా. దెబ్బలేం తగల్లే కదా?"

తర్వాత నా సైకిలు చూశారు. చక్రాలకి చేప పొలుసులు అంటుకుని ఉన్నాయి. సిగ్నల్ దొరికాక ఇంటికి ఫోన్ చేశారు. "ఊ, పక్కనే ఉండాడు. పొద్దున్నుంచీ పక్కనే ఉండె."

నవంబర్ 24, సోమవారం. రైల్లో

పులిహోర సగం నాకు పెట్టారు. కిటికీ వైపు తిరిగి తిన్నాను.

నవంబర్ 29, శనివారం

నాలుగు రోజులు సంతవీధి తప్పించి తిరిగాను. అడిగినవాళ్లకి "అద్భుతం" అని చెప్పాను. హేమంత్‌కుమార్ నిజంగానే అసూయపడ్డాడు. దాంతో ఇంకా చిరాకేసింది. సాయంత్రం కొట్టుకి పోయి, అవతల గుడ్డ కొలుస్తున్న గోపాలప్ప గారు వింటుండగానే, సుశీలమ్మ గారికి మొత్తం చెప్పేశాను.

"నాకి ఆ పొద్దే తెలిసె మేష్ట్రే. పెండ్లయి ముప్పై రెండేండ్లు, ఆయన కొబ్బరినీళ్లు ముట్టింది నేను చూడలే."

తిడుతుందనుకున్నాను. ఆవిడ చీర మడత పెడుతూ, "ఆ పెద్ద ఏరు రెండుసార్లు ఎక్కినాడంట, ఒక్కడే. కండ్లు తిరగలే, ఏమీ కాలే. ఇంక ఆయనకి తోడు ఏమిటికి? జనవరిలో మళ్లా పోతానంటా ఉండాడు. ఒక్కడివే పో అని చెప్పినా" అంది.

సంతోషించాల్సిన మాట. సంతోషం మాత్రం రాలేదు. ఇక నా అవసరం లేదు.

"నేనూ వస్తానన్నా" అన్నాను. నా గొంతు నాకే అడుక్కుంటున్నట్టు వినపడింది.

గోపాలప్ప గారు మూర కర్ర పక్కన పెట్టారు. "రా అప్పా. నీకి తోడు నేనుంటా" అన్నారు. వెక్కిరిస్తే బాగుండేది. ఆయన నిజంగానే అన్నారు.

డిసెంబర్ 1, సోమవారం

మొదటి రోజు.

తీర్మానాలు: రాయలేదు.

ఉ. 5:40. ఇంటి నుంచి రైల్వే వంతెన దాకా. వంతెన ఎక్కుతూ సగంలో దిగి నడిపించాను. సాఫ్ట్‌వేర్ గుంపు దాటిపోయింది. ఒకడు చెయ్యూపాడు.

మొత్తం రెండున్నర కిలోమీటర్లు. రెండున్నరే.