గంపలో పైవరస

హైదరాబాదు,
ఆదివారం

అమ్మా,

నేను కులాసా. ఫోన్లో చెబితే నలుగురికీ చూపించుకోలేవని కార్డు రాస్తున్నాను. తమ్ముడిచేత చదివించుకో.

ఇక్కడ వర్క్‌షాపులో లెక్చరర్లం తలా ఒక పాఠం చెప్పి చూపించాలి. కంప్యూటరు తనకి తర్వాత ఏం కావాలో ముందే ఊహించి దగ్గర పెట్టుకోవడం నా వంతుకొచ్చిన పాఠం. నేను నీ గంప గురించి చెప్పాను. టెక్కలిలో ఏ వీధివాళ్ళు ఏ చేప అడుగుతారో తలచుకుని, మన భావనపాడులో బయల్దేరేటప్పుడే ఆ వరసలో పైనుంచి కిందికి సర్దుకుంటావు కదా!

"ఊహ తప్పితేనో?" అని ఒకాయన అడ్డు తగిలాడు. నీ మాటే అనేశాను: "తప్పితే గంప దించాల. దించితే మళ్ళీ ఎత్తడానికి ఇంకో మనిసి కావాల." ముందు హాలంతా నవ్వింది, తర్వాత అందరూ రాసుకున్నారు. కార్తీక సోమవారమని మరిచి నువ్వు గంపెడు చందువాలు తిరిగి మోసుకొచ్చిన సంగతీ చెప్పాను. కోప్పడకు.

ఈ ఉదాహరణని పాఠంలో అచ్చు వేస్తారట. ఎవరిదని ప్రొఫెసరుగారు అడిగితే మా అమ్మదన్నాను. కింద నీ పేరు వేస్తామన్నారు.

అయ్య బీపీ మాత్రలు మానలేదు కదా? ఎండు నెత్తళ్ళు కాసిని దాచు, ప్రొఫెసరుగారికి పంపాలి.

ఫోను చేసి ఒక్కటి చెప్పు. రేషను కార్డులో ఉన్నట్టు మైలపిల్లి గురమ్మ అని వేయించనా, టెక్కలివాళ్ళు పిలిచినట్టు చేపల గురమ్మ అనా? నాకు రెండోదే ఇష్టం.

అయ్యకీ, నీకూ, నీ గంపకీ దండాలు.

భవాని